ఎసిటేట్ బఫర్ పీహెచ్ 7 దగ్గర ఎందుకు నిలబడలేదు?

అమ్మా, నీ ప్రశ్న ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నీకే తెలుస్తుంది. విజయవాడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నావు. సోడియం ఎసిటేట్, ఎసిటిక్ ఆమ్లం కలిపి, రెండూ చేరి 0.1 మోలార్ అయ్యేలా 100 మిల్లీలీటర్ల బఫర్ చేశావు. మీటరు చూస్తూ చూస్తూ పీహెచ్‌ను సరిగ్గా 7కి తెచ్చావు. తర్వాత 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఒకే ఒక్క మిల్లీలీటరు వేస్తే పీహెచ్ 10 దాటింది. ల్యాబులో మీటరు పాడైందన్నారు. "బఫర్ పీహెచ్‌ను మారనివ్వదు కదా సార్, మరి ఇదేంటి?" అని నీ మొదటి సందేహం. "పది రెట్లు నీళ్లు కలిపినా బఫర్ పీహెచ్ దాదాపు మారదంటారు. అలాంటప్పుడు పలచగానే చేసుకుంటే సరిపోదా?" అని రెండోది.

మీటరు బాగానే ఉంది. నువ్వు చేసిన కొలతా బాగానే ఉంది. ఎసిటిక్ ఆమ్లం, ఎసిటేట్ అనే ఈ జంటను 7 దగ్గర నిలబెట్టాలనుకోవడంలోనే చిక్కుంది. ఇది నేను ముప్ఫై ఏళ్లలో ఎంతోమంది పిల్లల రికార్డు పుస్తకాల్లో చూశాను. "పీహెచ్‌ను మారనివ్వదు" అని ఒక్క వాక్యం బట్టీ పట్టించి వదిలేయడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. ఆ వాక్యం తప్పు. బఫర్‌లో ఆమ్లం వేసినా క్షారం వేసినా పీహెచ్ మారుతుంది. కొద్దిగా మారుతుంది, అదీ ఆ జంట దగ్గర సరుకు ఉన్నంతవరకే.

మీ ఊళ్లో పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కినట్టు ఊహించుకో. ప్రతి ఎసిటేట్ అయాను ఒక ఖాళీ సీటు. ప్రతి ఎసిటిక్ ఆమ్లం అణువు నిండిన సీటు, అందులో కూర్చున్న మనిషి హైడ్రోజన్ అయాను. సీటు లేకుండా నిలబడ్డవాళ్లు ద్రావణంలో విడిగా తిరిగే హైడ్రోజన్ అయాన్లు. పీహెచ్ మీటరు నిలబడ్డవాళ్లను మాత్రమే లెక్కపెడుతుంది, కూర్చున్నవాళ్లు దానికి కనబడరు. నిలబడ్డవాళ్లు పెరిగితే పీహెచ్ తగ్గుతుంది, వాళ్లు తగ్గితే పీహెచ్ పెరుగుతుంది. ఆమ్లం వేస్తే కొత్తగా జనం ఎక్కుతారు, ఖాళీ సీట్లుంటే కూర్చుంటారు, నిలబడ్డవాళ్ల సంఖ్య పెద్దగా పెరగదు. క్షారం వేస్తే అది నిలబడ్డవాళ్లను దింపేస్తుంది. అప్పుడు కూర్చున్నవాళ్లలో కొందరు లేచి నిలబడతారు, మళ్లీ సంఖ్య దాదాపు మొదటికే వస్తుంది. లీ షాట్లియర్ సూత్రం అని మీ పుస్తకంలో ఉన్నది ఇక్కడ జరిగేదే. ఇదంతా కంటి రెప్ప వేసేలోపు, నువ్వు సీసా ఊపేలోపు అయిపోతుంది.

ఎంత తేడా ఉంటుందో ఒక లెక్క చూడు. పీహెచ్ 7 అంటే లీటరుకు కోటో వంతు మోల్ హైడ్రోజన్ అయాన్లు. నీ బఫర్‌లో సీట్లు లీటరుకు పదో వంతు మోల్. అంటే పది లక్షల సీట్లకు నిలబడ్డ మనిషి ఒక్కడు! బయటినుంచి వచ్చే ఆమ్లం, క్షారం ఆ ఒక్కడితో తేల్చుకోలేవు, సీట్లతోనే తేల్చుకోవాలి. మామూలు నీటిలో సీట్లే లేవు కాబట్టి లీటరు శుద్ధమైన నీటిలో 0.01 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే పీహెచ్ 7 నుంచి ఏకంగా 2కి పడిపోతుంది. అదే ఆమ్లాన్ని ఎసిటిక్ ఆమ్లం 0.1, ఎసిటేట్ 0.1 మోలార్ చొప్పున ఉన్న లీటరు బఫర్‌లో వేస్తే 4.76 నుంచి 4.67కి దిగుతుంది, అంతే.

ఇక సీటు సంగతి. అన్ని సీట్లూ ఒకలా ఉండవు. కొన్నిట్లో కూర్చుంటే లేవబుద్ధి కాదు, కొన్నిట్లో ఎక్కువసేపు కూర్చోలేం. పీకేఏ చెప్పేది అదే. ఏ పీహెచ్ దగ్గర సగం సీట్లు నిండి, సగం ఖాళీగా ఉంటాయో ఆ అంకె పీకేఏ. ఎసిటిక్ ఆమ్లానికి అది 4.76. మిగతాదంతా ఈ ఒక్క సూత్రంలో ఉంది:

పీహెచ్ = పీకేఏ + లాగ్ (ఖాళీ సీట్లు ÷ నిండిన సీట్లు)

1908లో లారెన్స్ హెండర్సన్ రక్తంలోని బైకార్బనేట్ గురించి ఆలోచిస్తూ ఈ నిష్పత్తిని రాశాడు. అప్పటికి పీహెచ్ అనే మాటే లేదు. మరుసటి ఏడాది, 1909లో, కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైముల మీద పనిచేస్తున్న సోరెన్‌సెన్ పీహెచ్ కొలమానాన్ని తెచ్చాడు. తర్వాత హాసెల్‌బాల్క్ ఈ రెంటినీ కలిపి లాగ్ రూపంలో పెట్టాడు. నీ పుస్తకంలో ఇద్దరి పేర్లూ కలిపి ఉండటానికి కారణం అది.

ఇప్పుడు నీ సీసాలోకి వద్దాం. పీహెచ్ 7, పీకేఏ 4.76. తేడా 2.24. అంటే ఖాళీ సీట్లు, నిండిన సీట్ల నిష్పత్తి 174కి 1. నీ 100 మిల్లీలీటర్లలో మొత్తం 10 మిల్లీమోల్‌ల సరుకు ఉంది. అందులో ఎసిటిక్ ఆమ్లంగా ఉన్నది 0.057 మిల్లీమోల్ మాత్రమే. నువ్వు వేసిన సోడియం హైడ్రాక్సైడ్ ఎంత? ఒక మిల్లీలీటరు, 0.1 మోలార్, అంటే 0.1 మిల్లీమోల్. లేచి నిలబడటానికి బస్సులో 57 మంది ఉంటే, 100 మందిని దింపమన్నావు. 57 మందీ అయిపోయాక మిగిలిన క్షారానికి ఎదురు లేదు. ఆ మిగిలిన 0.043 మిల్లీమోల్ 101 మిల్లీలీటర్లలో పరుచుకుంటే పీహెచ్ 10.6 వస్తుంది. నీ మీటరు చూపించింది దాదాపు ఇదే.

అదే సీసాలో క్షారానికి బదులు అంతే ఆమ్లం వేసి ఉంటే ఇంత ఘోరంగా ఉండేది కాదు, 6.55 దగ్గర ఆగేది. ఎందుకంటే ఖాళీ సీట్లు కావలసినన్ని ఉన్నాయి. ఒక వైపు మాత్రమే కాపలా కాసే బఫర్ అది. ఆ 6.55 కూడా మంచి అంకేమీ కాదు, 0.1 మిల్లీమోల్‌కే దాదాపు అర యూనిట్ జారింది.

దీన్ని కొలిచే పద్ధతి ఉంది, బఫర్ సామర్థ్యం అంటారు. పీహెచ్, పీకేఏ సమానంగా ఉన్నచోట అది గరిష్ఠం. ఒక యూనిట్ అటూ ఇటూ జరిగితే మూడో వంతుకు పడిపోతుంది. నువ్వు జరిగిన దూరానికి, 2.24 యూనిట్లకు, నలభై నాలుగో వంతే మిగులుతుంది. అందుకే పీకేఏకి ఒక యూనిట్ లోపల మాత్రమే ఆ జంటను వాడమంటారు. ఈ నియమాన్ని కూడా పిల్లలు బట్టీ పడతారు గానీ, దాటితే ఏమవుతుందో నీకు మాత్రం కంటితో చూసే అవకాశం వచ్చింది. ఆ రీడింగును రికార్డులోంచి కొట్టెయ్యకు. లెక్కతో సహా రాసి పెట్టు.

7 దగ్గర కావాలంటే ఫాస్ఫేట్ జంట తీసుకో. సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్. ఈ జంట పీకేఏ 7.2. అదే 10 మిల్లీమోల్‌లు, అదే 100 మిల్లీలీటర్లు, అదే ఒక మిల్లీలీటరు సోడియం హైడ్రాక్సైడ్: పీహెచ్ 7.00 నుంచి 7.02కి వెళుతుంది. అయితే ఒక హెచ్చరిక. లెక్క ప్రకారం తూచి కలిపాక మీటరు 7 చూపకుండా ఇంకా కిందికి చూపిస్తే కంగారుపడకు. 7.2 అన్నది చాలా పలచని ద్రావణానికి చెప్పే అంకె. 0.1 మోలార్ దగ్గర అయాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకోవడం వల్ల అది 6.8 దగ్గరికి దిగుతుంది. ముందు లెక్కతో తూచి, చివర మీటరు చూసి సరిదిద్దుకోవాలి. పుస్తకంలో ఇచ్చిన గ్రాములు నమ్మి మీటరు ముట్టనివాళ్లకు నేనెప్పుడూ మార్కులు తగ్గించేవాణ్ణి.

రెండో సందేహానికి జవాబు ఇప్పుడు తేలిక. పది రెట్లు నీళ్లు కలిపితే ఖాళీ సీట్లూ నిండిన సీట్లూ రెండూ పదో వంతవుతాయి, నిష్పత్తి మారదు, అందుకే పీహెచ్ దాదాపు అక్కడే ఉంటుంది. కానీ యాభై సీట్ల బస్సు స్థానంలో ఐదు సీట్ల ఆటో వచ్చింది. రెంటిలోనూ సగం సీట్లు ఖాళీయే, అయినా పదిమంది ఎక్కితే తేడా తెలుస్తుంది. నిష్పత్తి పీహెచ్‌ను నిర్ణయిస్తుంది, పరిమాణం ఓర్పును నిర్ణయిస్తుంది. పలచని బఫర్‌తో ఇంకో బెడద కూడా ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగినా దానికి తట్టుకోలేదు.

ఈ నిష్పత్తి మనకు తెలియకుండానే మారిపోవచ్చని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకున్నాను. గుంటూరులో ఒక నీటి పరీక్షల ల్యాబు. బోరు నీళ్ల కఠినత్వాన్ని, అంటే అందులోని కాల్షియం, మెగ్నీషియంలను, వాటిని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనంతో కొలిచేవాళ్లం. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు సూచిక వేస్తే నీళ్లు వైన్ ఎరుపులోకి వస్తాయి, ఈడీటీఏ పోస్తూ పోతే ఒక చుక్క దగ్గర నీలంగా మారాలి. దీనికి పీహెచ్ 10 ఉండాలి. ఈడీటీఏ ఒక్కో కాల్షియం అయానును పట్టుకున్నప్పుడు రెండు హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. అంటే మనం కొలుస్తున్న ప్రక్రియే కొలత జరగడానికి కావలసిన పీహెచ్‌ను పాడుచేస్తూ ఉంటుంది. అందుకే అమ్మోనియా బఫర్ పోస్తాం: 17.5 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్‌ను 142 మిల్లీలీటర్ల గాఢ అమ్మోనియాలో కరిగించి 250కి నీళ్లు కలపడం. నువ్వు కూడా మీ ల్యాబులో ఇదే చేసి ఉంటావు. ఒకసారి సూత్రంలో పెట్టి చూడు. అమ్మోనియం క్లోరైడ్ 0.33 మోల్, అమ్మోనియా సుమారు 2.1 మోల్, నిష్పత్తి ఆరుకు పైన, లాగ్ 0.8. అమ్మోనియం అయాను పీకేఏ 9.25కి కలిపితే 10.05. ఎవరో ఊరికే రాసిన గ్రాములు కావవి.

అది మే నెల. సీసా మూత వదులుగా ఉంది, కిటికీ పక్కన బల్ల మీద. ఒక నూలు మిల్లు బాయిలర్‌కు వాడే నీళ్లు వచ్చాయి. రంగు ఎరుపు నుంచి ఊదాకు వచ్చి అక్కడే నాన్చింది, నీలం ఎప్పుడొచ్చిందో చెప్పలేకపోయాం. నాకొక అంకె, పక్కవాడికి ఇంకో అంకె. నేను నాకొచ్చింది రాసి పంపించాను. తర్వాత వారం కొత్త బఫర్ చేసుకుని మళ్లీ కొలిస్తే ఆ అంకె నిలవలేదు, మిల్లువాళ్లకు మళ్లీ కబురు పంపాల్సి వచ్చింది. సీసాలో జరిగింది ఏమిటంటే, ఎండకు అమ్మోనియా ఎగిరిపోయింది, అమ్మోనియం క్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఖాళీ సీట్లు ఊడిపోయి నిండిన సీట్లు మిగిలాయి, పీహెచ్ దిగింది. సీసా మీద చీటీ మాత్రం "బఫర్ పీహెచ్ 10" అనే చెబుతోంది. అప్పటినుంచి మూత తియ్యగానే ముక్కు మండకపోతే ఆ సీసా నేను వాడలేదు. నువ్వూ ఆ అలవాటు చేసుకో. అలాగే ఆ టైట్రేషన్ బఫర్ వేసిన ఐదు నిమిషాల్లో ముగించు, పీహెచ్ 10 దగ్గర నీళ్లను ఊరికే ఉంచితే కాల్షియం కార్బనేట్‌గా దిగిపోతుంది.

బెజవాడ ఎండ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. పీకేఏ కూడా ఉష్ణోగ్రతతో మారుతుంది. ఫాస్ఫేట్‌కు ఇది స్వల్పం, 25 నుంచి 40 డిగ్రీలకు పోతే 0.04 యూనిట్. మీ బయోటెక్నాలజీ వాళ్లు వాడే ట్రిస్ బఫర్ డిగ్రీకి 0.028 చొప్పున దిగుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 8.0కి చేసినది, ఏసీ లేని గదిలో 40 డిగ్రీల దగ్గర 7.6 కిందికి వస్తుంది. ఎవరూ ఏమీ వెయ్యకుండానే! మీటరును సరిచూసుకునే బోరాక్స్ బఫర్ కూడా 25 డిగ్రీల దగ్గర 9.18, 40 దగ్గర 9.07. సీసా వెనక ఉష్ణోగ్రతల పట్టిక అందుకే అచ్చువేస్తారు, చూసి వాడు.

నువ్వు అడగలేదు గానీ, తెలివైన పిల్లవి కాబట్టి రేపు అడుగుతావు: రక్తం పీహెచ్ 7.4, అందులో ముఖ్యమైన బఫర్ బైకార్బనేట్, దాని పీకేఏ చూస్తే 6.1. ఒక యూనిట్ నియమం ప్రకారం అది పనికిరాకూడదు కదా? లెక్క చేద్దాం. లీటరుకు బైకార్బనేట్ 24 మిల్లీమోల్‌లు, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 1.2. నిష్పత్తి 20కి 1, లాగ్ 1.3, పీహెచ్ 7.4. ఇందులో లీటరుకు 10 మిల్లీమోల్‌ల ఆమ్లం పడిందనుకో. మూత బిగించిన సీసాలో అయితే బైకార్బనేట్ 14కి తగ్గి, కార్బన్ డయాక్సైడ్ 11.2కి పెరిగి, పీహెచ్ 6.2. మనిషి బతకడు. ఊపిరితిత్తులు ఆ పెరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను ఎప్పటికప్పుడు బయటికి పంపి 1.2 దగ్గరే ఉంచితే, పీహెచ్ 7.17. ఇది ఒక్క బైకార్బనేట్ లెక్కే, హిమోగ్లోబిన్ కూడా తన వంతు మోస్తుంది. మన బస్సుకు వెనక ఇంకో తలుపుంది, కూర్చున్నవాళ్లు ఆ తలుపులోంచి దిగిపోతున్నారు. మూత్రపిండాలు తీరిగ్గా కొత్త బైకార్బనేట్ చేసి ఇస్తాయి. షుగరు ముదిరి ఆమ్లాలు పేరుకున్న మనిషి రొప్పుతూ లోతుగా ఊపిరి తీస్తుంటే మనం ఆయాసం అనుకుంటాం. ఆ మనిషి ఒళ్లు అప్పుడు ఈ లెక్కనే చేస్తోంది.

ఇదే బైకార్బనేట్ జంట మన గుడివాడ, కైకలూరు చెరువుల్లో పూర్తిగా వేరే రకంగా నడుస్తుంది. నా ఉద్యోగం చివరి పదేళ్లలో ఎక్కువగా చూసినవి ఈ నీళ్లే. పగలు ఎండలో ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది. రాత్రి చేప, రొయ్య, ప్లాంక్టన్ అన్నీ ఊపిరి వదులుతాయి, తెల్లవారేసరికి పీహెచ్ దిగుతుంది. వెనక తలుపు ఇక్కడా ఉంది, కాకపోతే దాన్ని తెరిచి మూసేది సూర్యుడు, చెరువు అవసరం కాదు. ఈ ఊగిసలాట ఎంతన్నది నీటి ఆల్కలినిటీ మీద, అంటే ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బనేట్ లాంటి నిల్వ మీద ఉంటుంది. లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీటిలో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటిపోగలదు. 100 పైన ఉన్న నీటిలో బైకార్బనేట్ నిల్వ పెద్దది కాబట్టి అంతే కార్బన్ డయాక్సైడ్ పోయినా తక్కువ కదులుతుంది. రైతుకు ఇది ఎందుకు ముఖ్యమంటే, చెరువులో అమ్మోనియా కూడా ఒక జంటే. పీహెచ్ 8 దగ్గర అందులో విషపూరితమైన అమ్మోనియా రూపం 5 శాతం, మిగతాది పెద్దగా హాని చెయ్యని అమ్మోనియం. పీహెచ్ 9 దగ్గర 36 శాతం! మేత మారలేదు, నీళ్లు మారలేదు, మొత్తం అమ్మోనియా అంతే, మధ్యాహ్నం మూడింటికి రొయ్య ఇబ్బంది పడుతుంది. గుడివాడ వైపునుంచి ఒక రైతు పాత నీళ్ల సీసాలో శాంపిల్ పట్టుకుని బస్సులో వచ్చేసరికి రెండు గంటలయ్యేది, అప్పటికి సీసాలో పీహెచ్ చెరువు పీహెచ్ కాదు. ఆయనకు చెప్పింది నీకూ చెబుతున్నాను, ఎప్పుడైనా ప్రాజెక్టుకు పనికొస్తుంది: పీహెచ్‌ను గట్టు మీదే, ఉదయం ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలవాలి. ఆల్కలినిటీ కోసం మాత్రం సీసా నిండా పట్టి మూత బిగించి ల్యాబుకు తేవచ్చు, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ వచ్చిపోయినా ఆల్కలినిటీ మారదు. సున్నపురాయి పొడి, డోలమైట్ వేసేది ఆ నిల్వను పెంచడానికి.

ఇక నువ్వు చెయ్యాల్సింది. ఎసిటేట్‌నే మళ్లీ తీసుకో, ఈసారి దాని సొంత చోట. 100 మిల్లీలీటర్లలో ఎసిటిక్ ఆమ్లం 5 మిల్లీమోల్‌లు, సోడియం ఎసిటేట్ 5 మిల్లీమోల్‌లు. మీటరును ఆ గది ఉష్ణోగ్రత దగ్గర రెండు బఫర్లతో సరిచూసుకుని మొదలుపెట్టు. ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను ఒక్కో మిల్లీలీటరు చొప్పున వెయ్యి, ప్రతిసారీ కలిపి, అంకె నిలబడ్డాక రాసుకో. మొదటి మిల్లీలీటరులోనే నీ పాత ప్రయోగంలో వేసినదానికి పది రెట్ల క్షారం ఉంటుంది. అయినా 4.76 నుంచి 4.94కే వెళుతుంది. రెండోదానికి 5.13, మూడోదానికి 5.36, నాలుగోదానికి 5.71. ఐదోదానికి ఎసిటిక్ ఆమ్లం మొత్తం అయిపోతుంది, ఒక్కసారిగా 9కి దగ్గరగా పోతుంది. ఆరోదానికి 12. గ్రాఫు గీస్తే మొదట చదునుగా, చివర గోడలా వస్తుంది. ఆ గోడ మొదలయ్యే చోట ఐదో మిల్లీలీటరును ఒకేసారి పొయ్యకుండా పదో వంతు చొప్పున వేసుకో. నీ అంకెలు నావాటికి 0.1 అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. అంతకంటే ఎక్కువ తేడా వస్తే ముందు సోడియం హైడ్రాక్సైడ్ సీసాను అనుమానించు. అది ఎన్నాళ్ల క్రితం చేసిందో, మూత సరిగ్గా ఉందో లేదో చూసి, గాఢతను మళ్లీ ఆగ్జాలిక్ ఆమ్లంతో కొలుచుకుని అప్పుడు ప్రయోగం తిరిగి చెయ్యి.